బావ పెంచిన పురుగులు

పటమటలో మాంసం కొట్లు లేక కాదు జ్ఞానప్రసూనాంబ ఆదివారం ఆదివారం సిటీ బస్సెక్కి వన్ టౌన్ దాకా పోయేది. పటమటలో ఆమెని ఎరగనివాళ్ళు తక్కువ. అత్తవారి వైపు చుట్టాలు వీధికొకరు చొప్పున ఉన్నారు. నియోగుల ఇల్లాలు, అందులోనూ మొగుడు పోయిన మనిషి, మేక కార్జం పొట్లం కట్టించుకుంటూ కనపడితే ఆ కబురు ఆమెకంటే ముందే ఇంటికి చేరి కూర్చుంటుంది. వన్ టౌన్‌లో ఆ బెడద లేదు. అక్కడ ఎవరి సరుకు వాళ్ళది, ఎవరి తొందర వాళ్ళది. తోపుడు బండి కాలి మీదికి ఎక్కకుండా చూసుకుంటే చాలు.

కొట్టు జాన్ పాల్ అనే అతనిది. మంచివాడే కానీ కుతూహలం పాలు ఎక్కువ. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒక ఆదివారం అడిగేశాడు.

“అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మిమ్మల్ని చూస్తే పంతులుగారింట్లో వాళ్ళలాగా ఉన్నారు. వారం వారం లివర్ తీసుకెళ్తన్నారు. ఇంట్లో ఎవరికన్నా రక్తం తక్కువగా ఉందాండీ?”

“పిల్లలున్నారు నాయనా.”

“ఎంతమందండీ?”

“లెక్కపెట్టలేదు.”

జాన్ పాల్ పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వి, పొట్లం మీద ఇంకో కవరు తొడిగి, పైన తోటకూర కట్ట కప్పుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. పిల్లలనే మాట తన నోటంట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని.

ఆ పిల్లలు పురుగులు. నల్లటి వీపు, నారింజ రంగు తల, మినపగింజ కంటే కాస్త చిన్నవి. రైతులు అక్షింతల పురుగులంటారే, ఆ జాతి. జామకీ బొప్పాయికీ మందారకీ పిండినల్లి పడుతుంది. కొమ్మల మీద ఎవరో బియ్యప్పిండి జల్లినట్టు తెల్లగా కనిపిస్తూ చెట్టు రసమంతా పీల్చేస్తుంది. దాని ఒంటి మీద మైనం పూత ఉంటుంది కనక ఎంత మందు కొట్టినా సగం చావదు. ఈ నల్ల పురుగు మాత్రం ఆ పిండిలోనే తలదూర్చి, గుడ్లతో సహా తినేసి, తన గుడ్లు అక్కడే పెట్టి పోతుంది. రైతుకి పైసా ఖర్చు లేని కాపలా.

ఆవిడ భర్త శ్రీనివాసరావు వాటిని పెంచే కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ ఆ విభాగం మూసేస్తూ పెట్టెల్లో ఉన్న పురుగుల్ని పారబొయ్యమంది. ఆయనకి చేతులు రాలేదు. అట్టపెట్టెల్లో సర్దుకుని ఆటోలో ఇంటికి తెచ్చాడు.

“ఉద్యోగం ఊడిందిట కదా బావా, ఆ పెట్టెల్లో ఏమిటి? ఏదైనా ముట్టజెప్పారా?” అంది ప్రసూనాంబ ఆశగా.

“ముట్టజెప్పారు. మూత తియ్యకు, ఎగిరిపోతాయి,” అన్నాడాయన.

ఆ ఎగిరిపోయేవాటితోనే తర్వాత బతుకంతా నడిచింది. మేడ మీద గది వాటికిచ్చేశారు. మొదట్లో అందరిలాగే గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, ఆ నల్లిని వీటికి మేపేవాడు. గుమ్మడికాయ మేడెక్కితే అది పులుసులోకి దిగిరాదని ఆవిడ సణుగుడు. పైగా నల్లి గదిలోంచి పాకి ఆవిడ మందార చెట్టుని పట్టింది. “రోగానికి మందు పెంచుతున్నావా, రోగాన్ని పెంచుతున్నావా?” అని తగులుకుంది. ఆ మాట ఆయనకి నాటింది. నల్లి లేకుండానే పురుగుల్ని పెంచే దారి వెతికాడు. పిండినల్లిలో ఏ సత్తువ ఉందో ఆ సత్తువే ఉండేటట్టు వంట కనిపెట్టాలి. అది కుదరడానికి ఏళ్ళు పట్టింది. మేక కార్జం ఉడకబెట్టి మెత్తగా రుబ్బి, గుడ్డు పచ్చసొన, తేనె, బేకరీ ఈస్టు కలిపి, చైనా గ్రాస్ వేసి పళ్ళెంలో పోస్తే హల్వాలా గట్టిపడేది. దాన్ని పెసరగింజంత ముక్కలు కోసి పెట్టేవాడు. గుడ్లు పెట్టడానికి పక్కన దూది పింజలు. నల్లి గూడు మెత్తగా ఉంటుంది కదా, దూదిని చూసి పిచ్చి పురుగులు అదేననుకునేవి.

ఊరందరూ పురుగులకి మందు కొడుతుంటే ఈయన పురుగులకి వంట చేస్తున్నాడని చుట్టాల్లో హాస్యం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కింద పొయ్యి ఆవిడది, పైన పొయ్యి ఆయనది. పై గిన్నెలు కిందికి రాకూడదు. పైనుంచి దిగినాక స్నానం చెయ్యందే వంటింటి గుమ్మం తొక్కకూడదు. ఈ కట్టుబాట్లు పెట్టింది ఆవిడే. ఆయన ఒక్కనాడూ తప్పలేదు.

ఆవిడ బావా అని పిలవడం ముద్దుకి కాదు. శ్రీనివాసరావుకి సొంత మేనమామ కూతురు ఆవిడ. ఊయలలో ఉండగానే ఇరువైపులా అనుకున్న సంబంధం. జాతకాలు కూడా మాటవరసకే చూశారు.

ఒక కొడుకు పుట్టాడు. తాతగారి పేరు విశ్వేశ్వర్ అని పెట్టుకున్నారు. నెలలు గడిచినా వాడు మెడ నిలపలేదు. ఎత్తుకుంటే తల పక్కకి వాలిపోయేది. పిలిస్తే చూసేవాడు, చూసి నవ్వేవాడు, అంతవరకే. ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ఒక పెద్ద డాక్టరు కాయితం మీద రాసుకుంటూ తల ఎత్తకుండా, “మేనరికమా?” అని అడిగాడు. ఔనంది ప్రసూనాంబ. ఆయన తల ఊపి రాసుకోవడం కొనసాగించాడు. ఇంకొక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడినా బాగుండేది. ఆ తల ఊపుడే ఆవిడకి తీర్పయింది. మూడో ఏడు నిండకుండా విశ్వం పోయాడు. మళ్ళీ పిల్లలు వద్దంది. ఆయన సరేనన్నాడు. ఎందుకని అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఆ ఒక్క విషయం తప్ప ఆ ఇద్దరూ లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకునేవారు.

పురుగులొచ్చిన కొత్తల్లో, ఒక తొలకరి రోజున, శ్రీనివాసరావు నిలువునా తడిసి ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ డబ్బా. మూతకి చిల్లులు, లోపల జామ ఆకులు, ఆకుల మీద నల్ల పురుగులు. మొహం వెలిగిపోతోంది.

“తోట్లవల్లూరు లంకలో దొరికాయి. వీటిని మనవాటిలో కలిపేస్తాను ప్రసూనా. ఎంతసేపూ ఇంట్లో వాటికి ఇంట్లోవే కట్టబెట్టుకుంటూ పోతే జాతి నిలవదు. ఏడాదికోసారైనా కొత్త నెత్తురు పడాలి.”

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటిగ్గానీ ఆయనకి తట్టలేదు తనేమన్నాడో. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటి మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“నేను పురుగుల గురించి అన్నాను,” అన్నాడు.

“నేనూ పురుగుల గురించే విన్నాను,” అంది ఆవిడ.

అంతటితో అయిపోయింది. అయిపోవడమంటే అయిపోలేదు. ఆ తర్వాత ఏటా తొలకరికి ఆయన “కాస్త పనుంది” అని పొద్దున్నే వెళ్ళేవాడు. తిరిగొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నగా మేడెక్కేవాడు. ఏం తెచ్చాడో ఆవిడకి తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు. కళ్ళెదుట జరిగేదాన్ని చూడనట్టు నటించడం కాపురాల్లో కొత్తేమీ కాదు గానీ, ఆవిడ ప్రతి ఏడూ ఆ రోజు అన్నం తినేది కాదు.

కిందటేడు ఉగాది వెళ్ళిన వారానికి శ్రీనివాసరావు పొద్దున పురుగులకి తిండి పెట్టి కిందికొచ్చాడు. స్నానం చేశాడు. కాఫీ ఇమ్మన్నాడు. కాఫీ వచ్చేలోగా పోయాడు. గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది.

ఇల్లంతా మైల, చుట్టాలు, చాపలు. పైన పురుగులున్నాయన్న సంగతి మూడో రోజుకి గాని ఆవిడకి గుర్తు రాలేదు. ఆకలేస్తే వాటి పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయని బావ చెప్పేవాడు. మేడ మీది చిన్న ఫ్రిజ్‌లో ఆయన గడ్డకట్టించి ఉంచిన కార్జం ఉంది. అన్నేళ్ళూ ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడిన మనిషి ఆ రోజు లోపలికి వెళ్ళింది. ఆయన గిన్నెలో ఆయన పొయ్యి మీద ఉడకబెట్టింది. వాసన మెట్లు దిగి, గరుడపురాణం చదువుతున్న చోటికి వెళ్ళింది.

పెద్దాడపడుచు రొప్పుతూ పైకొచ్చింది. “ప్రసూనా! పదో రోజైనా వెళ్ళలేదు, ఇంట్లో నీచు వండుతున్నావా? నీకేమైనా మతి పోయిందటే?”

“పోయింది మీ తమ్ముడు వదినా. వీటికి ఆకలి పోలేదు.”

వదిన నోరు నొక్కుకుని దిగిపోయింది. ఆ మాట పటమట దాటి మచిలీపట్నం చుట్టాల దాకా వెళ్ళింది. ప్రసూనాంబ లెక్కచెయ్యలేదు. మిక్సీ శుభ్రంగా కడిగి, పళ్ళెంలో పోసి, ముక్కలు కోసి, ఒక్కో పెట్టెలో పెట్టింది. పురుగులు వచ్చి మూగాయి. బావ చేత్తో పెంచినవి ఆవిడ చేతి తిండి తిన్నాయి. ఇవి ఉన్నంతకాలం బావ పని ఉన్నట్టే. కొడుకుని నిలుపుకోలేకపోయాను, వీటినైనా నిలుపుకుంటాననుకుంది. ఇక ఆవిడకి వేరే కోరిక లేదు.

జ్యేష్ఠం వచ్చింది. వాన పడింది. తొలకరి తెల్లవారి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి వీధి చూసింది. ఏటా ఆ రోజు బావ వెళ్ళేవాడు. ఎందుకు వెళ్ళేవాడో ఆవిడకి తెలియక కాదు. తెలిసే, కిటికీ మూసి, పూజ చేసుకుని, మేడెక్కి పురుగులకి తిండి పెట్టుకుంది.

ఆవిడ వెళ్ళకపోతే రావమ్మే వచ్చింది. తోట్లవల్లూరు లంకలో జామ తోట కౌలుకి చేసే మనిషి. శ్రీనివాసరావు ఏళ్ళ తరబడి ఆమె తోటలోనే పురుగులు వదిలాడు. ఆయన మాట మీద ఆమె మందు కొట్టడం మానేసింది. దాంతో పురుగులు అక్కడే కాపురం పెట్టి, బయటినుంచి వచ్చే వాటితో కలిసి, వాటంతటవే పెరిగాయి. రావమ్మ కొంగు చాటు నుంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. మూతకి చిల్లులు, లోపల ఆకులు.

“సారు ఈ పాటికి వచ్చేవోరండి. ఈ ఏడు మీరొస్తారేమోనని చూశా. రాకపోతే నేనే ఏరుకొచ్చా. ఆకు సందున ఎట్టా పట్టాలో సారే నేర్పారు నాకు.”

ప్రసూనాంబ డబ్బా అందుకోలేదు. “బయటివి కలిపితే లేనిపోని రోగాలొస్తాయి రావమ్మా.”

“సారు కలిపేవోరు కదండీ?”

“సారు సంగతి వేరు.”

రావమ్మ ఎదురు చెప్పే రకం కాదు. డబ్బా బల్ల మీద పెట్టింది. “పోనీ ఉంచండి అమ్మగారూ. ఇయ్యి కూడా సారు వదిలినవాటి బిడ్డలేగా.”

రావమ్మ మజ్జిగ తాగి వెళ్ళాక ప్రసూనాంబ చాలాసేపు డబ్బా ముందు కూర్చుంది. పంతం పట్టిన మనిషికి కారణాలకేం కొదవ? ఎక్కడెక్కడి పురుగులతోనో కలిసినవి ఇవి, బావవి ఎలా అవుతాయి అనుకుంది. మేడ మీద ఉన్నవే అచ్చమైన బావ పురుగులు, వాటిలో వీటిని కలిపితే బావ పని కలగాపులగమైపోతుంది అనుకుంది. ఇవన్నీ పైపై మాటలు. అడుగున ఉన్నది ఒక్కటే. ఆ డబ్బా మూత తీసి కలిపితే, డాక్టరు తల ఊపింది నిజమేనని తన చేత్తో తను ఒప్పుకున్నట్టు. మన రక్తం మనకి పనికిరాదని ఒప్పుకున్నట్టు. ఆవిడ లేచి డబ్బా పట్టుకుని డాబా మీదికి వెళ్ళి, పక్కింటి చెట్ల మీదికి మూత తీసేసింది. నల్ల పురుగులు ఒకటీ ఒకటీ లేచి వెళ్ళిపోయాయి.

శ్రావణంలో గుడ్లు తగ్గాయి. ఆవిడ జాన్ పాల్‌తో దెబ్బలాడింది, నిన్నటి సరుకు అంటగడుతున్నాడని. పాపం వాడు ఆమె కళ్ళముందే తాజాది కోసిచ్చాడు. తేనె మార్చింది. ఈస్టు కొట్టు మార్చింది. కుళాయి నీళ్ళు మాని మినరల్ వాటర్ పోసింది. ఉప్పుతో దిష్టి తీసింది. పురుగులకి దిష్టి తీసిన ఇల్లాలు కృష్ణా జిల్లాలో ఇంకెవరూ ఉండి ఉండరు. మార్చవలసిన ఒక్కటీ తప్ప అన్నీ మార్చింది.

భాద్రపదానికి దూది పింజల్లో గుడ్లుండేవి గాని పగిలేవి కావు. పగిలినా కొన్ని పిల్లలు సగం బయటికొచ్చి ఆగిపోయేవి. ఒకనాడు భూతద్దంతో చూస్తుంటే అప్పుడే పుట్టిన పిల్ల పురుగొకటి ముక్క దగ్గరికి పాకింది. తల ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. పక్కకి వాలింది. ప్రసూనాంబ భూతద్దం పక్కన పెట్టి పెట్టె మూసేసింది. అలా వాలిపోయే తలని ఆవిడ ఇంతకుముందు ఒళ్ళో పెట్టుకుని పెంచింది. రెండు రోజులు మేడ ఎక్కలేకపోయింది.

అయినా మొండికేసింది. కార్తీకంలో రావమ్మ తోటకి పిండినల్లి ఎక్కువైందని ఫోనొచ్చింది. ఆ ఏడు ఎండలు ఉండి ఉండి కాయడంతో తోటలో ఉన్న పురుగులు చాలడం లేదట. ఉన్నవాటిలో బాగా కనిపించినవి ఏరి ప్రసూనాంబ పెట్టెల్లో పంపించింది. వారానికి రావమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

“అమ్మగారూ, మీరు పంపిన పురుగులు నల్లి పక్కనే కూర్చుని చూస్తన్నయ్యండీ. తినటం లేదు.”

“కొత్త చోటు కదా రావమ్మా, అలవాటు పడాలి.”

“మావోళ్ళు మందు కొట్టమంటన్నారండీ.”

“కొట్టకు!” ఆవిడ గొంతు ఆవిడకే పరాయిగా వినిపించింది. “కొట్టావంటే సారు ఇన్నేళ్ళు చేసిందంతా ఒక్కపూటలో పోతుంది. కాస్త ఓపిక పట్టు. సారు పురుగులు రావమ్మా, తినక ఎక్కడికి పోతాయి?”

“మీరు వద్దంటే కొట్టనండీ,” అంది రావమ్మ.

నిజానికి అవి తినవని ఆవిడకి అప్పటికే అనుమానం. పుట్టిన దగ్గర్నుంచి కోసి పెట్టిన ముక్కలు తిన్నవి, బతికున్న నల్లిని ఎన్నడూ చూడనివి. బావ ఉన్న రోజుల్లో తోటనుంచి వచ్చినవి వేట మరిచిపోకుండా వాటి పిల్లలకి ఆ బుద్ధి ఇచ్చేవి కాబోలు. ఇవి వాసన కూడా పట్టలేకపోయాయి. పిండినల్లి మధ్యనే కూర్చుని ఆకలితో మాడిపోయాయి. ఈ సంగతి రావమ్మకి చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ఎందుకిలా అయిందని అడుగుతుంది. అందుకే ప్రసూనాంబ ఇంకో వారం ఆగమంది. ఆ తర్వాత ఇంకో వారం అంది. రావమ్మ ఆగింది. ఆ తర్వాత ఫోన్లు రావడం మానేశాయి. ఫోను రాకపోతే కుదుటపడిందనుకుని ప్రసూనాంబ తనకి తనే సర్దిచెప్పుకుంది.

మాఘమాసం వచ్చేసరికి మేడ మీద ఒక్క పెట్టె మిగిలింది. అందులో ఉన్నవీ ముసలివి. గుడ్లు లేవు. ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ పెట్టె ముందు కూర్చుని పైకే అంది: “కొత్త నెత్తురు పడాలి బావా.” అనేశాక ఆశ్చర్యం వేసింది. నోరు కాలిపోలేదు. ఇల్లు కూలిపోలేదు. ఈ మాటకేనా ఇంతకాలం భయపడ్డాను అనుకుంది. లేచి ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, మూతకి చిల్లులు పెట్టి, కరకట్ట మీదుగా పోయే బస్సెక్కింది. తోటలో ఉన్నవి తెస్తే చాలు. అవి బావవే. ఎవరితో కలిసినా బావవే. వాటిని తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. దారి పొడుగునా ఆవిడ మనసులో పెళ్ళికి వెళ్తున్నంత తొందర.

తోటలో అడుగు పెట్టగానే ముక్కుకి మందు వాసన తగిలింది.

చెట్లు శుభ్రంగా ఉన్నాయి. తెల్లటి పిండి లేదు. మసి పట్టి నల్లబడిన కాయలు కింద కుప్పగా పోసి ఉన్నాయి. రావమ్మ ఎదురొచ్చింది కానీ తల ఎత్తలేదు.

“మీరు ఆగమన్న రోజులన్నీ ఆగానండీ. కాపంతా పోయింది. కొమ్మలు కూడా ఎండుతుంటే ఇంక చెట్లన్నా మిగలాలని మొన్న కొట్టించా. మీకు చెప్పటానికి నాకు మొహం చెల్లలేదు.”

“పురుగులు?” అంది ప్రసూనాంబ.

రావమ్మ చెట్టు మొదట్లో చూపించింది. ఎండుటాకుల మీద నల్లగా, వెల్లకిలా పడి ఉన్నాయి. ప్రసూనాంబ వంగి ఒకటి తీసుకుంది. నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. మేడ మీద అలాంటి పురుగుని చూసి ఏడాదయింది. డబ్బా పట్టుకుని చెట్టు చెట్టూ తిరిగింది. ఆకు సందులు తిప్పి చూసింది. రావమ్మ కూడా పక్క సాలులో వెతికింది. రావమ్మకి పట్టడం వచ్చు కదా. పొద్దు వాలేదాకా వెతికినా ఒక్కటీ కనిపించలేదు.

రావమ్మే ముందు తేరుకుంది. “దిగులెందుకండీ అమ్మగారూ? తొలకరికి నేను తెచ్చిచ్చినయ్యి ఉండాయిగా మీ ఇంట్లో. అయ్యి ఈడ పురుగులే. వాటి పిల్లల్ని ఒక పెట్టెడు నాకియ్యండి. సారు నిలబెట్టిన వంశం, ఎక్కడికీ పోదు.”

ప్రసూనాంబ గట్టు మీద కూర్చుండిపోయింది.

“లేవు రావమ్మా. నువ్వు వెళ్ళగానే వదిలేశాను.”

“ఎందుకండీ?”

రావమ్మ కోపంగా అడగలేదు. అర్థం కాక అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడని ఎందుకని అడిగిన మనిషి లేడు. అడిగి ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేదేమో. కొడుకు మెడ నిలపకపోవడం చెప్పింది. డాక్టరు తల ఊపడం చెప్పింది. బావ తడిసి ఇంటికొచ్చి అన్న మాట చెప్పింది. “మా రక్తం కలవబట్టే మా విశ్వం పోయాడు రావమ్మా. ఆ సంగతి బావకి తెలుసు. తెలిసీ నన్ను ఏమీ అనలేదు. పురుగుల్లో కొత్తవి కలిపినప్పుడల్లా నన్ను చేసుకున్నందుకు పశ్చాత్తాపపడుతున్నాడనిపించేది. అందుకే కలపలేదు. నేనే చంపుకున్నాను. ఇంట్లోవీ నేనే, ఇక్కడివీ నేనే.”

రావమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఆవిడ పక్కన, కాస్త ఎడంగా, గట్టు మీద కూర్చుంది.

“మాదీ మేనరికమేనండీ,” అంది. “మా అమ్మదీ మేనరికమే. నాకు నలుగురు బిడ్డలు. శుబ్బరంగా ఉండారు. మా చెల్లెలు బయటి సంబంధం చేసుకుంది, దాని బిడ్డ పురిట్లోనే పోయింది. దేనికని ఏం చెబుతామండీ? సారు కూడా నాతో ఒకసారి అన్నారు. పురుగులకయితే నెలకో తరం గడిచిపోద్ది రావమ్మా, అందుకని కలపాలి, మనుషుల సంగతి వేరు, మాదీ మేనరికమే, మా ప్రసూన లేకపోతే నేనేమయ్యేవాణ్ణో అని. నవ్వుతా అన్నారండీ. మీతో అనలేదా?”

ప్రసూనాంబ తల అడ్డంగా ఊపింది.

“మీరడగలేదా?”

అడగలేదు. ఒక్క మాట అడిగితే చెప్పే మనిషిని, ఆ గుమ్మంలో తడిసిన బట్టలతో అడగమన్నట్టే నిలబడిన మనిషిని, జన్మంతా అడగలేదు. లంకలో ఒక కౌలు మనిషికి నవ్వుతూ చెప్పిన మాట, ఇంట్లో భార్య నొచ్చుకుంటుందని దాచుకుని వెళ్ళిపోయాడు బావ. కొడుకు పోయిన రోజున చుట్టూ జనం ఉన్నారని ఏడవలేదు ఆవిడ. భర్త పోయిన రోజున చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడు మందు వాసన కొడుతున్న ఆ జామ తోటలో, బావా బావా అంటూ పెద్దగా ఏడ్చింది. రావమ్మ ఆపమనలేదు.